చెప్పులు కొలిచే ఈశ్వరయ్యగారు

ఈశ్వరయ్యగారికి ఒక్కటే పిచ్చి: ఎదుటివాళ్ల కాలి సైజు తెలుసుకోవడం. మణికొండలో ఆయన ఉండే అపార్ట్‌మెంట్‌లో ఎవరు కొత్తగా దిగినా, పేరు కంటే ముందు చెప్పుల నంబరు అడిగేవారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన కదా అని కొందరు నవ్వుతూ చెప్పేవారు. చెప్పనివాళ్ల గుమ్మం ముందు తెల్లవారేసరికి వాలిపోయి, విడిచిన చెప్పుల పక్కన జాన పరిచి కొలుచుకునేవారు.

కడప నుంచి వచ్చి ఎదురింట్లో ఉంటున్న హరిత మొదటిసారి ఆ దృశ్యం చూసి పాల ప్యాకెట్ జారవిడిచింది. మసక వెలుతురులో ఒక ఆకారం గొంతుక్కూర్చుని, ఆమె భర్త వంశీ బూటులో మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపల వేళ్లు కదుపుతోంది. ఆమెను చూసి ఆయన ఏమాత్రం తడబడలేదు.

"పోయినేడు తొమ్మిదుండె. పదకొండైంది," అని గొణుక్కుంటూ మెల్లగా లేచి వెళ్లిపోయారు.

వాట్సాప్ గ్రూపులో ఆయనకు చెప్పుల దొంగ అని పేరు పడింది. దొంగైతే ఒక్క జతైనా పోవాలి. ఏదీ పోకపోవడమే అందరినీ ఎక్కువ భయపెట్టింది. చేతబడి అని ఒకరన్నారు. దాంతో చెప్పులన్నీ ఇళ్లలోకి చేరాయి. ఈశ్వరయ్యగారు చలించలేదు. లిఫ్టులో జనం చేతివేళ్లు చూడటం మొదలుపెట్టారు.

ఆయన సంగతి అటుంచి, హరితకు సొంత ఇంట్లోనే భయం మొదలైంది. గచ్చిబౌలి ఆఫీసు గేటు దగ్గర ముఖం చూసి లోపలికి వదిలే కెమెరా ఆ వారం వంశీని లోపలికి రానివ్వలేదు. నేనెవరో దానికి తెలీదట అంటూ అతను నవ్వాడు. ఆ నవ్వు బావిలోంచి వచ్చినట్టు బొంగురుగా ఉంది. గోడమీది పెళ్లి ఫోటో వంక ఆమె చూపు పోయింది. ఇప్పుడు అతని గడ్డం ముందుకొచ్చింది, కనుబొమల ఎముక ఉబ్బింది, పళ్ల మధ్య సందులు పడ్డాయి. ఎవరో లోపలి నుంచి ఆ ముఖాన్ని కొంచెం కొంచెంగా బయటికి తోస్తున్నట్టుంది. ఏసీలో కూడా కారే చెమట, తగ్గని తలనొప్పి, గది అదిరే గురక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తన భర్త చొక్కా వేసుకుని ఎవరో సోఫాలో కూర్చున్నారనిపించింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వంశీ బయటికి వెళ్తూ తలుపు చట్రాన్ని భుజంతో గుద్దుకున్నాడు. ఎదురు గుమ్మంలోంచి చూసిన ఈశ్వరయ్యగారు చరచరా వచ్చి అతని ముందు నిలబడ్డారు. మంత్రం వేసేవాడిలా రెండు చేతులూ చాచి, అతని చెవులకు అటూ ఇటూ వేళ్లు ఆడించారు.

"ఎదురుంగనే చూడు. వేళ్లు కనవడ్తున్నయా?"

"ఏ వేళ్లు సార్?" అన్నాడు వంశీ.

ముసలాయన చేతులు కిందికి జారిపోయాయి. "బిడ్డా, రేపే దవాఖానకు తీస్కపో. హార్మోన్ల డాక్టరుకు చూపియ్యి. తిట్టేదుంటే తర్వాత తిట్టు," అన్నారు వెనకే గుమ్మంలోకి వచ్చిన హరితతో.

రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక డాక్టరు వివరించింది. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి పెరిగి, ఎదుగుదల హార్మోనును అదే పనిగా విడుదల చేస్తోందట. అందుకే కాళ్లూ చేతులూ దవడా పెరిగాయి. కణితి కంటినరాన్ని నొక్కడంతో పక్కచూపు తగ్గింది. ముక్కు ద్వారా ఆపరేషన్ చేసి తీసేశారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది. పెరిగిన ఎముక వెనక్కి పోదు గానీ ముఖంలో వాపు దిగి, హరితకు తెలిసిన మనిషి అందులోంచి మళ్లీ తొంగిచూశాడు.

కృతజ్ఞత చెప్పడానికి వెళ్తే ఈశ్వరయ్యగారి భార్య నీలమ్మ తలుపు తీసింది. పక్కనే నిలబడ్డ హరితను చూడటానికి తల మొత్తం తిప్పింది. గాజులు బిగుసుకుంటుంటే ఒళ్లు చేశాననుకుందట. మోకాళ్లకొక డాక్టరు, షుగరుకొకరు, తలనొప్పికొకరు. అన్నిటినీ కలిపి చూసేవారే లేక, వంశీకి వచ్చిన జబ్బే తనకూ ఉందని తెలిసేసరికి ఆమె పక్కచూపు పోయింది.

"దినాం చూసే కండ్లకు కనవడదు బిడ్డా. గందుకే ఈయన పరాయోళ్లను చూస్తడు."

"ముఖం మారిందంటే ఎవ్వరొప్పుకుంటరు, తంతరు," అన్నారు లోపలి నుంచి ఈశ్వరయ్యగారు. "నంబరు మారిందంటే కాదనలేరు."

మరుసటి వారం పై అంతస్తులో కృష్ణప్రియ అనే అమ్మాయి కొత్తగా దిగింది. తెల్లవారగానే తన చెప్పుల ముందు కూర్చున్న ముసలాయనను తలుపు సందులోంచి చూసి బిక్కచచ్చిపోయింది. ఆయన పక్కనే మెట్లమీద టీ తాగుతున్న హరిత తాపీగా చెప్పింది:

"భయపడొద్దులేమ్మా. మా చిన్నాయనే."