కొండకని పెంచుతున్న జుట్టు

మదనపల్లెలో కుప్పం బస్సెక్కి, ఒకామె పక్కన సీటు దొరికితే కూర్చున్నాను. ఆమెకు యాభై దాటి ఉంటాయి. తలమీది కొంగు జారితే అంగుళం కూడా లేని జుట్టు కనిపించింది. మా వైపు ఆడవాళ్ల తల అలా కనిపిస్తే అడిగే మాట ఒకటే. నా నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"తిరుపతిలో దర్శనం బాగా అయిందా అక్కా?"

ఆమె పెద్దగా నవ్వింది. "కొండకు యాడ పోయినానమ్మా! నాకు రక్తంలో క్యాన్సరు. ఏ మందుకూ లొంగలేదు. ఆఖరికి నా రక్తంలోని కణాలే తీసి, జబ్బును గుర్తుపట్టి సంపేలా మార్చి, మళ్లా నాకే ఎక్కించినారు. కొత్త వైద్యం, పనిచేస్తాదని సెప్పలేమన్నారు. పోయిన వారం సూస్తే జబ్బు కనపళ్లేదంట."

సిగ్గేసి, ఏదో సర్దిచెప్పబోయాను.

"దానికేమిలేమ్మా. బాగైతే తలనీలాలిస్తానని మొక్కుకున్నా. మందులకు జుట్టంతా రాలిపాయ. ఇప్పుడు బాగైనా, ఇచ్చేదానికేముండాది? అందుకే పెంచుతాండా."

పుంగనూరు దగ్గరపడుతుంటే ఆమె సంచిలోంచి దువ్వెన తీసింది. పాపిడి కూడా నిలవని ఆ జుట్టును కిటికీ అద్దంలో చూసుకుంటూ శ్రద్ధగా దువ్వుకుంది.

"ఈమాత్రం ఇస్తే ఏం బాగుంటాది? జడ నడుముదాకా రానీ. అంతవరకూ కాసుకోమని స్వామికి సెప్పినా," అని దిగిపోయింది.

బస్సు కదిలాక నా జడ ముందుకు వేసుకుని చూసుకున్నాను. నడుము దాటింది. అంత పెరగడానికి ఎన్నేళ్లు పట్టిందో అప్పటిదాకా ఎప్పుడూ ఆలోచించలేదు.