నాన్నగారి కండువా, ముదలియార్‌పేట మూత

ఆ రోజుల్లో మాకు ఆస్తి పోయింది గాని వెన్ను వంగలేదు. యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ మీద వచ్చినప్పుడు నా వెంట దిగిన వైభవమంతా ఒక్క మోటారు సైకిలు. దూర ప్రయాణాలకని నాన్నగారు కొన్న బరువైన బండి. "దీని మీద నాన్నగారు కాశీ వెళ్ళొచ్చారు" అని ఆఫీసులో అందరికీ చెప్పేవాణ్ణి. (నన్ను ముదలియార్‌పేట దాటించడమే దానికి కష్టంగా ఉందని చెప్పేవాణ్ణి కాదు.) ఆగినచోటల్లా దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, కావాలనే ఆగినట్టు ఎదుటి మేడను పరీక్షించేవాణ్ణి.

ఒకసారి పెట్రోలు ట్యాంకు మూత ఎక్కడో రాలిపోయింది. ముదలియార్‌పేటలో బండ్లు బాగుచేసే పెద్దాయన్ని ఊరంతా స్పానర్ మామ అనేది. నేను మాత్రం "ఏమోయ్" అనేవాణ్ణి. బండి అంతా తుడిచి, పాత మూత ఒకటి పెడతానన్నాడాయన. "ఇంకొకరి మూతా? మా బండికా?" అని ఇంటికొచ్చి, నాన్నగారి జరీ కండువాలోంచి ముక్క చింపి ట్యాంకు నోట్లో కుక్కాను.

వారం తిరక్కుండా మా పెద్దసారు ఏంబలం అనే ఊరికి తనిఖీకి వెళ్ళాల్సిన రోజున జీపు రాలేదు. నేను ఛాతీ విరిచి ఆయన్ని వెనక కూర్చోబెట్టుకున్నాను. బండి సరిగ్గా మామ కొట్టు ముందే ఆగింది. పదిమంది చూస్తున్నారు. "మొన్న ఇతనే విప్పాడండీ. అప్పట్నించే ఈ తెగులు" అనేశాను.

"అలాగా? అయితే మన ఆఫీసు బళ్ళు ఇక ఇక్కడికి పంపొద్దు" అన్నారు సారు, అరుగు మీద నీడలోకి జరుగుతూ.

మామ కార్బురేటర్ విప్పాడు. పెట్రోలు పోయే సన్నటి బెజ్జంలోంచి ఒక పోగు లాగాడు. అది ఎండలో తళుక్కుమంది. జరీ పోగు.

"ఏముందక్కడ?" అన్నారు సారు.

మామ గుప్పిట మూశాడు. "దుమ్ము సార్. నేనే సరిగా తుడవలా."

సారు విసుక్కుని బస్సెక్కాక, మామ నా వైపు తిరిగాడు. "ఏంది సామీ, పట్టుబట్టను పెట్రోల్లో నానేస్తారా?"

"మరి నిజం చెప్పలేదేం?"

"ఆఫీసు బళ్ళు యాడికి పోతాయి సామీ? చెడితే అవే వస్తాయి. పదిమందిలో తల వంగితే మీరు తట్టుకుంటారా?" అంటూ ఆ పాత మూతే బిగించాడు.

మర్నాడు నిజం చెప్పేద్దామని సారు గదిలోకి వెళ్ళాను. అరపూట సెలవు అడిగి బయటికొచ్చాను. ఆఫీసు బళ్ళు మళ్ళీ ఆ కొట్టుకు పోలేదు. మళ్ళీ బదిలీ అయ్యేదాకా నేనూ ఆ వీధి తప్పించి తిరిగాను.

ఆ మూత ఇప్పటికీ ఊడలేదు. ఎవరైనా బండిని మెచ్చుకుంటే నాన్నగారి కాశీయాత్ర ఎత్తబోయి ఆగి, మామ సంగతంతా ఉన్నదున్నట్టు చెబుతున్నాను. "ఏమోయ్" అన్న నోటితోనే నిండుగా "మామ" అంటున్నాను. ఎంత ధైర్యమో చూశారా! వినడానికి ఆ సారూ లేరు, ఆ మామా లేడు.