కొలతల బాబాయి, ఈత నేర్చిన పీట

నీళ్ళు కనిపిస్తే చాలు, లోతు కొలవందే ఆయనకు తోచదు. అందుకే ఆ వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన కొలతల బాబాయే. స్నానానికి వెళ్తే ముందు బకెట్టు కొలుస్తాడు. వాన వెలిస్తే వీధిలోని గుంటలన్నీ కొలుస్తాడు. ఒకసారి ఎవరింటికో భోజనానికి వెళ్ళి మంచినీళ్ళ జగ్గులోకే టేపు దించబోయాడు. మర్యాదస్తుడు గనక టేపు ముందు శుభ్రంగా తుడిచాడట. “ఎందుకైనా మంచిది, కొలిస్తే పోలా!” అన్నది ఆయన ఊతపదం.

ఆయన దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఈత రాదు. నడుము దాటిన నీళ్ళలో పుట్టి బుద్ధెరిగి దిగలేదు. అలాంటి మనిషికి ఈత నేర్పే టీచరమ్మ అన్న కూతురై పుట్టడం చూస్తే, పైవాడికి హాస్యం ఎక్కువేనని ఒప్పుకోవాలి.

టీచరమ్మ రెండు వీధుల అవతల ఈతకొలనులో పనిచేస్తుంది. నాలుగేళ్ళ పసివాళ్ళ దగ్గర్నుంచి డెబ్భై ఏళ్ళ ముసలివాళ్ళ దాకా ఎందరికో ఈత నేర్పింది. ఆమె చేత కానిది ఒక్కటే మిగిలింది: బాబాయి భార్యను, సొంత పిన్నిని నీళ్ళలో దింపడం.

పిన్ని మోకాళ్ళు అరిగిపోయాయి. డాక్టరు నిక్కచ్చిగా చెప్పేశాడు. “రోజూ అరగంట నడుములోతు నీళ్ళలో నడవండి. ఒంటి బరువు నీళ్ళు మోస్తాయి, మోకాళ్ళకు బలం వస్తుంది. మూడు నెలల్లో మొదలుపెట్టలేదో, ఇక మెట్ల మాట మర్చిపోండి.” వాళ్ళ ఇల్లేమో మేడ మీద, కుట్టు దుకాణం కింద. గుండీలు కుడుతూ, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడుతూ పిన్ని పొద్దంతా గడిపేది ఆ దుకాణంలోనే. మెట్లు దిగలేకపోతే ఆమెకు ఇక కిటికీయే లోకం.

అయినా ఆమె ససేమిరా అంది. “నేనేమన్నా మల్లెతీగనటే? నేను దిగితే సగం నీళ్ళు గట్టు మీదికొస్తాయి. జనం పళ్ళికిలిస్తుంటే నీళ్ళలో నడవాలా? నావల్ల కాదు.”

“ఎవరూ నవ్వరు పిన్నీ!”

“నేనైతే నవ్వుతాను. వాళ్ళకేం రోగం?”

ఇక బాబాయే గతి అనుకుని టీచరమ్మ దుకాణానికి వెళ్ళింది. ఆయన కత్తెర పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, గంభీరంగా అన్నాడు. “అమ్మడూ, నేనే నీకు కబురు చేద్దామనుకున్నా. పీటకి ఈత నేర్పాలి.”

పీట అంటే ఆ ఇంటి కుక్క. మనిషెత్తు పొడుగు, బెత్తెడు కాళ్ళు, రెండు బస్తాల బరువు అని వీధిలో చెప్పుకుంటారు గానీ అందులో కాస్త అతిశయోక్తి ఉంది. బస్తా ఒకటే. చెవులు నేలను ఊడుస్తూ పోతాయి. వెనక నుంచి చూస్తే ఎవరో కూర్చోవడానికి వేసిన పీటలాగే ఉంటుంది.

“దీనికి ఈతెందుకు బాబాయ్?”

“మొన్న వీధి గుంటలో దిగింది. నీళ్ళు ఆరంగుళాలు. దీని కాలు అయిదు. ఆ అంగుళం తేడాలోనే కదమ్మా ప్రాణాలు పోయేది!”

టీచరమ్మకు ఒళ్ళు మండింది. అయినా నీళ్ళ జాగ్రత్త చెప్పమంటే చెప్పకుండా ఉండలేదు, వృత్తిధర్మం. “ఇలాంటి కుక్కలకు బరువంతా ముందే ఉంటుంది. కాళ్ళేమో పొట్టి, నీళ్ళను నెట్టలేవు. ముందు మూతే మునుగుతుంది. జాకెట్టు లేకుండా లోతులో దించొద్దు. గడ్డం కింద బెండు పెట్టు, వీపు మీద గట్టి పట్టీ కుట్టు, అవసరమైతే చేత్తో పైకి లాగేలా. ఒక్కసారిగా తోసెయ్యకు. దిగడం కన్నా ముందు ఎక్కిరావడం నేర్పు.”

బాబాయి ఇదంతా బట్టల కొలతలతో పాటు రాసుకున్నాడు.

మర్నాటి నుంచి దుకాణంలో జనం చొక్కాలు మూలపడ్డాయి. మొదటి జాకెట్టు బిగుతై పీట ఊపిరాడక మూలిగింది. రెండోది వదులై తల దూర్చిన పీట తోకవైపు నుంచి నడిచొచ్చేసింది. మూడోది కుదిరింది. నారింజ రంగు గుడ్డ, ఇంత లావు బెండ్లు. పెళ్ళికి కుట్టమన్న సూటు ఆలస్యమైన పెద్దమనిషి లబోదిబోమంటే, “మీకు నీళ్ళగండం ఉందా? లేదుగా! కాస్త ఆగండి” అన్నాడు.

పెరట్లో గాలి కొట్టిన రబ్బరు తొట్టి వెలిసింది. మొదటిరోజు నాలుగంగుళాల నీళ్ళు. పీట దిగింది, చుట్టూ చూసింది, హాయిగా పడుకుని గుర్రుపెట్టింది. వారానికో అంగుళం పెంచుతూ పోయాడు బాబాయి. దిగిన ప్రతిసారీ దాని చెవులు ఎత్తి, లోపల తడి లేకుండా మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. తన తలైనా ఆయన అంత శ్రద్ధగా ఎప్పుడూ తుడుచుకోలేదని పిన్ని ఎత్తిపొడిచేది.

ఇలా రెండు నెలలు దాటాయి. పిన్ని మెట్టుమెట్టుకీ ఆగి, గోడ పట్టుకుని “అమ్మా” అంటోంది. ఓరోజు టీచరమ్మ ఇక పట్టలేకపోయింది.

“కుక్క మీదున్న ధ్యాస కట్టుకున్నదాని మీద లేదా బాబాయ్? ఇంకో మూడు వారాలు పోతే పిన్ని మేడ దిగలేదు!”

బాబాయి నీళ్ళు నమిలాడు. “ముందు దీని సంగతి తేలనీ అమ్మడూ.”

టీచరమ్మ విసవిసా వెళ్ళిపోయింది.

ఆయన మాత్రం నేరుగా ఈతకొలను మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. కుక్కనా, మా కొలనులోనా అని మేనేజరు ఎగిరిపడ్డాడు. బాబాయి బతిమాలాడు, బామాలాడు, ఆయన ప్యాంట్లు జన్మంతా ఉచితంగా సరిచేసి పెడతానన్నాడు. చివరికి మేనేజరు, “కడగడానికి ఎలాగూ నీళ్ళు వదిలేస్తున్నాం. వదిలే ముందు రోజు సాయంత్రం ఒక్క గంట. అంతే!” అన్నాడు.

కొలనుకు ఉన్నది నిటారు ఇనుప నిచ్చెన. పీట కాళ్ళకు అది ఎక్కడం ఈ జన్మకు కాదు. బాబాయి వడ్రంగిని పట్టుకుని, తక్కువ లోతున్న వైపు గట్టు మీంచి అడుగు దాకా వాలుగా దిగే బల్ల చేయించాడు. కాలు జారకుండా దాని మీద గరుకు పట్టాలు, పక్కన నున్నటి కమ్మీ.

ఆ సాయంత్రానికి వీధి వీధంతా గట్టు మీద ఉంది. పిన్ని బెంచీ మీద సంచీ పట్టుకుని కూర్చుంది. నారింజ జాకెట్టులో పీట రాగానే నవ్వు మొదలైంది. మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు. సూటు పెద్దమనిషి పగ మర్చిపోయి నవ్వాడు.

పీట బల్ల మొదట్లో నిలబడింది. నీళ్ళవంక చూసింది. చతికిలబడింది.

“రా నాన్నా, రా!” అన్నాడు బాబాయి. కదల్లేదు. నీళ్ళలో నిలబడి టీచరమ్మ పిలిచింది, బిస్కెట్టు చూపించింది. అదేమో పిన్ని వంకే చూస్తోంది. దానికి రోజూ అన్నం పెట్టేది పిన్ని మరి.

“నువ్వు పిలిస్తే వస్తుందేమోనే,” అన్నాడు బాబాయి, ఎటో చూస్తూ. “పాదాలు తడిస్తే చాలు.”

“మీ కుక్కతో నా చావుకొచ్చింది,” అంటూ పిన్ని లేచింది. కమ్మీ పట్టుకుని రెండడుగులు దిగి, “రావే, తిండిపోతుదానా!” అంది.

పీట వచ్చింది. వచ్చింది అంటే, బండరాయిలా జారి నీళ్ళలో పడింది. మూతి మునగబోయింది, గడ్డం కింద బెండు పైకి లేపింది. నాలుగు కాళ్ళూ గిలగిలా కొట్టుకుంటుంటే కడుపు మాత్రం ఉన్నచోటే ఉంది. జనం పొట్టలు పట్టుకున్నారు. పిన్ని గుండె గుభేలుమంది. గబగబా ఇంకో అడుగు, ఇంకో అడుగు వేసి దాని వీపు మీది పట్టీ పట్టుకుంది. పట్టీ దొరికాక ధైర్యమొచ్చి పీట ముందుకు ఈదింది. పిన్ని దానితో పాటు నడిచింది. అడ్డంగా అవతలి గట్టు దాకా పోయి, తిరిగి వచ్చేసింది. టీచరమ్మ పక్కనే వస్తూ ఆమె మోకాళ్ళవైపు చూస్తోంది.

“పిన్నీ, నువ్వు నడుములోతులో ఉన్నావు.”

“ఉంటే ఉన్నాలే. నొప్పేది? నొప్పి ఏమైందే?” అని పిన్ని ఆగి, తన కాళ్ళను తానే వింతగా చూసుకుంది. “ఇంకోసారి పోదాం పద, పీటా!”

ఆమెను ఒక్కరూ చూడటం లేదు. అందరి కళ్ళూ పీట మీదే.

టీచరమ్మ గట్టెక్కి బాబాయి దగ్గరికి వచ్చింది. “బాబాయ్, అది కమ్మీ పట్టుకుంటుందా?”

“ఊఁ?”

“పీట వెడల్పు పదంగుళాలు. బల్ల రెండున్నర అడుగులుంది. కమ్మీ పిన్ని నడుమెత్తులో ఉంది. ఇది ఎవరి కొలత?”

బాబాయి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నవ్వుతారని మీ పిన్ని భయం. నవ్వొద్దని జనానికి చెప్పగలనా? అందుకే వాళ్ళు నవ్వడానికి ఇంకొకటి తెచ్చా. దీన్ని చూసి నవ్వీ నవ్వీ అలిసిపోయాక, మీ పిన్ని వంక చూసే ఓపిక ఎవడికుంటుందే?” టేపు చివర చేతిలో నలుపుతూ అన్నాడు. “అది మేడ మీద ఒక్కతే కూర్చుంటే, కింద నాకు సూదిలో దారం కూడా ఎక్కదు అమ్మడూ.”

 రెండు నెలలుగా మనసులో తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి టీచరమ్మకు సిగ్గేసింది. “ఈ కొలత ఎప్పుడు తీశావు?”

“ఓ మధ్యాహ్నం మీ పిన్ని కునుకు తీస్తుండగా. దానికేం తెలుసు పాపం!”

గంట అయిపోయింది. ఆ బల్ల తీయక్కర్లేదని, మోకాళ్ళవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని మేనేజరే అన్నాడు. టీచరమ్మ పిన్నిని బట్టలు మార్చుకునే గదికి తీసుకెళ్ళింది.

“ఒంటి మీద బట్టలన్నీ తడిశాయి. ఇంటికి పరుగెత్తి పొడి బట్టలు పట్టుకురానా?”

“అక్కర్లేదు.” పిన్ని సంచీలోంచి మడతపెట్టిన బట్టలు ఒక్కొక్కటే తీసింది. తువ్వాలు, దువ్వెన, చెప్పుల జత కూడా తెచ్చుకుంది.

టీచరమ్మ నోరు తెరిచింది. “అంటే నీకు ముందే...?”

“కునుకులో ఉన్నానట! పాదం నుంచి నడుము దాకా చల్లటి టేపు పాకుతుంటే ఎవరికి నిద్రపడుతుందే? కళ్ళు మూసుకుని నవ్వు బిగబట్టలేక చచ్చాను.” పిన్ని తల తుడుచుకుంటూ వేలు చూపించింది. “మీ బాబాయికి చెప్పావో, చూడు మరి! ఇన్నేళ్ళకు నా దగ్గర ఒక్క రహస్యం దాచగలిగానని పొంగిపోతున్నారు.”

బయట బాబాయి పీట చెవులు తుడుస్తూ కూర్చున్నాడు. టీచరమ్మ రాగానే ఆత్రంగా తలెత్తాడు.

“మీ పిన్నికి అనుమానమేమీ రాలేదు కదా?”

“అబ్బే, అస్సలు రాలేదు బాబాయ్,” అంది టీచరమ్మ.