ఎండపూట నింపుకున్న కరెంటు

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వెళ్తుంటే, డ్రైవరు మిట్టమధ్యాహ్నం దారిలో ఎలక్ట్రిక్ ఆటోను ఛార్జింగుకు పెట్టాడు. ప్రయాణికుణ్ణి నేనొక్కణ్ణే. ఇంకా సగం ఛార్జి ఉంది కదా అని విసుక్కున్నాను.

"ఈ యాళకు సోలార్ కరెంటు శానా మిగుల్తాది సార్. పొద్దుగూకినాక ఊరంతా ఒక్కసారే స్విచ్చులేస్తే లైను తట్టుకోల్యాదు. అందుకే ఇప్పుడే నింపుకుంటా. సాయంత్రం నా ఇంట్లో బల్బు గూడా ఈ బ్యాటరీతోనే."

"ఇంట్లో బల్బుకు ఆటో బ్యాటరీ ఎందుకు?" అన్నాను.

ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసి వచ్చాడు.

"మాది పులివెందుల పక్క పల్లె. పార్టీ గొడవల్లో మా నాయన్ను చంపేముందు ఊరికి కరెంటు తీసేసినారు. ఆపొద్దు నుంచి మాయమ్మకు చీకటంటే భయం. డీజిలు ఆటో పొగకు ఆయమ్మ దగ్గుతాంటే, దాన్ని అమ్మి దీన్ని తెచ్చినా. కరెంటు పోయినా బల్బు ఎలగాలని ఇంట్లోకి వైరు లాగించినా."

"ఇప్పుడు అమ్మకు భయం పోయిందా?"

"పోయిన ఎండాకాలం చనిపాయ సార్. ఇంట్లో నేనొక్కన్నే. బల్బు మాత్రం ఆర్పను."

ప్రొద్దుటూరులో దిగాను. పేరైనా అడగలేదు.

మా వీధిలో కరెంటు పోయినప్పుడల్లా కొవ్వొత్తి వెతకకుండా కాసేపు అలాగే కూర్చుంటాను. ఆ పల్లెలో ఒక్క ఇంట్లో బల్బు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది.