పక్క సీటు ఉన్న చోట

మా అక్క ఆటో ఎలక్ట్రీషియను. వీధిలో అందరూ వైరక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు, పైగా ఎవరో వసూళ్ళకు వచ్చారనుకుని అనుమానంగా చూస్తుంది. ఆమె షెడ్డుకీ నా కొట్టుకీ మధ్య ఒకటే గోడ. ఆమె బండ్లకు వైరింగ్ చేస్తుంది, నేను బండ్ల సీట్లకు కవర్లు కుడతాను. గోడలో ఒక కిటికీ ఉంది. కత్తెరలూ, టీ గ్లాసులూ, తిట్లూ అందులోంచే అటూ ఇటూ ప్రయాణం చేస్తాయి.

అక్కది వింత పద్ధతి. ఏ బండి వచ్చినా ముందు బానెట్ ఎత్తదు. యజమానిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి ఇంజను ఆపమంటుంది. ఆపాక కటింగ్ ప్లేయరు పట్టుకుని తలుపు పక్కన నిలబడి, "బండి ఆగింది. ఇప్పుడు ఏమేం నడవాలి?" అని అడుగుతుంది. అతను గట్టిగా, నలుగురికీ వినబడేలా చెప్పాలి. చెప్పిన ఒక్కో వస్తువుకీ ఒక్కో వైరు ముక్క కత్తిరించి నేల మీద పరుస్తుంది. దీపానికి సన్నది, ఫ్రిజ్జుకి లావుది. అన్నీ పరిచాక వాటిని చూస్తూ కాసేపు పీట మీద కూర్చుంటుంది. అప్పుడు గానీ స్క్రూడ్రైవరు ముట్టుకోదు. "నడిచే బండికి ఎవరైనా వైరింగ్ చేస్తారు. ఆగిన బండికి చెయ్యడమే పని" అంటుంది. తొందరలో వచ్చినవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. నాకైతే రోజూ మండుతుంది, నేను పక్కనే ఉంటాను కాబట్టి.

ఇక మా బావ. ఉద్యోగమంతా సర్వే వాళ్ళకు జీపు నడిపాడు. రోడ్లు లేని చోట్లే ఆయన రోడ్లు. రాతి బయలు దాటితే ఒక ఏరు వస్తుందట, ఆ ఇసుకలో బండి ఆపి, వెనక తలుపు తెరుచుకుని, నీళ్ళ చప్పుడు వింటూ పడుకునేవాడట. ఆ ఏటి గురించి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. రిటైరయ్యాక ఒక పాత ఫోర్ వీల్ జీపు సంపాదించి, తుడిచి, తోమి, పెళ్ళికొడుకును చేశాడు. ఇంకొక్కసారి అక్కడ నాలుగు రోజులు పడుకుని రావాలని ఆయన కోరిక.

పడుకోవడం దగ్గరే చిక్కు. నిద్రలో బావకి గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంది. గుండె మీద అప్పటికే భారం పడిందనీ, ఇక మిషను తొడుక్కోకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దనీ డాక్టరమ్మ చెప్పింది. చిన్న పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకి మాస్కు. రాత్రంతా సన్నగా హుమ్మంటూ గాలి పంపుతుంది. బావకి అదంటే సిగ్గు. ఏనుగు తొండం అని పేరు పెట్టాడు. చుట్టాలొస్తే దాన్ని బట్టల బీరువాలో దాచేస్తాడు. రాళ్ళలో పగలంతా జీపు దూకించిన మనిషికి ముక్కు మీద ప్లాస్టిక్కు పెట్టుకోవడం నామోషీ.

"కరెంటు లేని చోటికి మిమ్మల్ని పంపను. నేను రాను, షెడ్డు ఎవరు చూస్తారు?" అంది అక్క.

"రమ్మని ఎవరన్నారు? నేనొక్కణ్ణే పోతా" అన్నాడు బావ.

అలా మాటా మాటా పెరిగి, ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు. మధ్యలో నా కిటికీ నలిగింది. అటువైపు మాట ఇటూ ఇటువైపు మాట అటూ అందించలేక నేను రెండు రోజులు దానికి పరదా కట్టేశాను.

మూడో రోజు బావ జీపు తీసుకుని షెడ్డుకి వచ్చాడు, భర్తలా కాదు, బేరంలా. ముందొచ్చిన బండ్ల వెనక వరసలో నిలబెట్టి, తన వంతు వచ్చాక లోపలికి తెచ్చి ఇంజను ఆపాడు.

"రెండో బ్యాటరీ పెట్టాలి" అన్నాడు, ఎటో చూస్తూ.

అక్క కూడా ఎటో చూస్తూనే అడిగింది. "బండి ఆగింది. ఇప్పుడు ఏమేం నడవాలి?"

"లోపల ఒక దీపం. చిన్న ఫ్రిజ్జు. ఫోను ఛార్జింగు. రేడియో."

నాలుగు ముక్కలు నేల మీద పడ్డాయి. అక్క ప్లేయరు తెరిచి పట్టుకుని ఆగింది. "ఇంకేం?"

అటు మెకానిక్కు, ఇటు టైర్లాయన నిలబడి ఉన్నారు. "అంతే" అన్నాడు బావ.

అక్క ప్లేయరు మూసింది. "బానెట్ కింద చోటు లేదు. బ్యాటరీ ఎక్కడ పెట్టను?"

"పక్క సీటు తీసెయ్. అక్కడ ఎవరూ కూర్చోరుగా."

ఆ మాటకి ఆమె ముఖం ఎలా అయిందో నేను కిటికీలోంచి చూశాను. బోల్టులు మాత్రం తనే విప్పింది. సీటు నా కొట్టుకి చేరింది. నా కుర్చీ అప్పటికే కుంటుతోంది, దాన్ని తీసి పారేసి దీని మీద కూర్చుని కుట్టుకోవడం మొదలుపెట్టాను. సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు.

షెడ్డు ఖాళీ అయ్యాక అక్క ఒకటే ముక్క అడిగింది. "మిషనేదీ?"

"ఆ ఏటి ఒడ్డున మిషను పెట్టుకుని పడుకున్నానా ఎప్పుడైనా? నాలుగు రాత్రులు లేకపోతే ఏం కాదు."

"ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది, మీరూ విన్నారు. అది ఎక్కితేనే మీరు ఎక్కుతారు. లేదంటే ఈ బండికి నేను వైరు కలపను."

బావ సరేనన్నాడు. అంత తేలిగ్గా అన్నాడంటేనే మేం అనుమానించాల్సింది.

అక్క పనిలోకి దిగింది. ఇంజను నడుస్తున్నంతసేపూ రెండు బ్యాటరీలూ కలిసి ఛార్జి అవుతాయి. ఇంజను ఆగగానే మధ్యలో పెట్టిన ఐసొలేటరు రెంటినీ విడదీస్తుంది. అప్పుడు మిషనూ, దీపమూ రెండో దాన్నే తాగుతాయి. అది పూర్తిగా ఎండిపోయినా మొదటిది నిండుగానే ఉంటుంది, పొద్దున్నే బండి స్టార్టవుతుంది. మిషనులో గాలిని వెచ్చబెట్టే హీటరు ఒకటుంది, బ్యాటరీని ఎక్కువగా మింగేది అదే. దాన్ని ఆపేసి వాడితే రాత్రంతా వచ్చి ఇంకా మిగులుతుందని లెక్క తేల్చింది. వైరుకి రెండు కొసల్లోనూ ఫ్యూజు పెట్టింది. రాళ్ళ కుదుపులకి ఒరుసుకోకుండా వైరుకి తొడుగు వేసింది. "వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, పొడుగైతే దారిలోనే కరెంటు పోతుంది" అంటూ పక్క సీటు ఉన్న చోటనే బ్యాటరీని బిగించింది. ఇదంతా బావకి రెండుసార్లు విడమరిచి చెప్పింది. ఆయన బుద్ధిగా తలాడించాడు.

నమ్మకం కుదరాలంటే పడుకుని చూపించమంది. మధ్యాహ్నం షట్టరు సగం దించి, బావని జీపు వెనక పరుపు మీద మాస్కు పెట్టి పడుకోబెట్టింది. వచ్చినవాళ్ళకి "లోపల బండి పడుకుంది, సాయంత్రం రండి" అని చెప్పి పంపేసి, నా కొట్టుకొచ్చి టీ తాగుతూ కూర్చుంది. కిటికీలోంచి హుమ్మని సన్నటి చప్పుడు వస్తూనే ఉంది. కాసేపటికి నేను నా కుట్టులో పడి దాన్ని మరిచిపోయాను.

ఉన్నట్టుండి అక్క గ్లాసు కింద పెట్టింది. "ఆగింది."

నా కుట్టు మిషను చప్పుడులో నాకేమీ తెలియలేదు. నేను లేచేసరికి ఆమె జీపు దగ్గరుంది. మీటరు పెట్టి చూసింది. రెండో బ్యాటరీ నిండుగా ఉంది. ఫ్యూజులు బాగానే ఉన్నాయి. బావ గురక పెడుతున్నాడు, మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. అంతలో గురక ఆగింది. హమ్మయ్య, సర్దుకున్నాడనుకున్నాను. కాదు. ఛాతీ ఎగరడం లేదు. నేను జీవితంలో అంత పొడుగు నిశ్శబ్దం వినలేదు. అక్క ఆయన భుజాలు పట్టి కుదిపింది. నీళ్ళలోంచి తేలినట్టు ఒక్క ఊపిరి లాగి కళ్ళు తెరిచాడు.

"మిషను ఎవరు ఆపారు?"

"నేనే" అన్నాడు నిద్రమత్తులో. "బ్యాటరీ దిగిపోదూ? పొద్దున బండి స్టార్ట్ కావాలిగా."

మధ్యాహ్నం రెండింటికి, ఇంటి వీధిలో, ఊరంతా మెకానిక్కులు ఉన్నచోట ఆ మాటన్నాడు. రాతి బయల్లో బ్యాటరీ చచ్చిపోతే మనుషులు ఏమవుతారో ఎరిగిన డ్రైవరు ఆయన. ఇంజను ఆపితే అన్నీ ఆపాలి, ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఐసొలేటరు సంగతి బుర్రకి తెలుసు. చేతికి తెలియదు. చెయ్యి నిద్రలోనే లేచి స్విచ్చు ఆపేసి మళ్ళీ పడుకుంది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాను. ఆ సామెత మిగతా సగంలో పుడకలున్నాయి.

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. పీట మీద కూర్చుని నేల మీది వైరు ముక్కలు చూస్తూ, "ఆ స్విచ్చుకి టేపు వేసేస్తాను" అంది.

"టేపు పీకడం ఎంతసేపు?" అన్నాను.

"అవును" అంది. కళ్ళు తుడుచుకుంది. "వైరింగులో తప్పుంటే సరిచేసేదాన్నే. ఇందులో తప్పు లేదే."

ఆయన పోతాడేమోనని నాకు ఆ పూట నిజంగా భయమేసింది. ఆయన లేకపోతే ఆ ఏటి కథ ఎవరు చెప్పి విసిగిస్తారని కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున షెడ్డు నిండా జనం ఉండగా అక్క బావని పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. "బండి ఆగింది. ఇప్పుడు ఏమేం నడవాలి?"

బావ స్టీరింగు పట్టుకుని షెడ్డులో ఉన్నవాళ్ళందరినీ ఒకసారి చూశాడు. తర్వాత అందరికీ వినబడేలా, "ముందు నా ఊపిరి మిషను" అన్నాడు.

"అదేం మిషను?" అన్నాడు టైర్లాయన.

"నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతుంది. అది తొడుక్కుంటే ఆగదు."

టైర్లాయన నవ్వలేదు. "మా నాన్నకీ చూపించాలి. ఆయనా మధ్య మధ్యలో గురక ఆపి మమ్మల్ని భయపెడుతుంటాడు" అని టైరు దొర్లించుకుంటూ పోయాడు. ఇన్నాళ్ళూ బీరువాలో దాచిన పరువు ఇంతేనా అన్నట్టు బావ అతని వెనకే చూశాడు.

అక్క లావు వైరు ముక్క కత్తిరించి మిగతా వాటికంటే ముందు పరిచింది. "ఇంకేం?"

బావ పక్కకు చూశాడు. సీటు ఉండాల్సిన చోట బ్యాటరీ ఉంది.

"నేను దాన్ని ఆపితే తిట్టడానికి ఒక మనిషి" అన్నాడు మెల్లగా.

అక్క దానికి వైరు కత్తిరించలేదు. స్పానరు తీసుకుని బ్యాటరీ బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. దాన్ని జీపు వెనక మూలకి మోసుకెళ్ళి అక్కడ బిగించి, చేతులు తుడుచుకుంటూ నా కొట్టు గుమ్మంలోకి వచ్చింది.

"లే" అంది.

"బ్యాటరీ అంత వెనక పెడితే వైరు పొడుగవుతుంది. దారిలోనే కరెంటు పోతుందంటావుగా?" అన్నాను, సీటు వదలబుద్ధి కాక.

"లావు వైరు వేస్తాను. షెడ్డు తాళాలు నీ దగ్గరుంచు."

నేను లేచాను. అక్క సీటు ఎత్తి భుజాన పెట్టుకోబోయి ఆగి, దాని మీద అరచేత్తో తడిమి చూసింది.

"సూదులేమన్నా గుచ్చి మరిచిపోయావా? నేను కూర్చోవాలి."