మళ్ళీచెప్పు కెప్టెన్ గారి సంతకం

ఎదుటివాళ్ళు అన్న మాటను తాను తిరిగి చెప్పకుండా, తాను అన్న మాటను ఎదుటివాళ్ళ చేత తిరిగి చెప్పించకుండా ఆయన ఒక్క పూట కూడా గడపలేదు. విమానంలో అయితే అది ఉద్యోగధర్మమే. కంట్రోల్ టవర్ వాళ్ళు పదివేల అడుగులకు దిగమంటే, "పదివేల అడుగులకు దిగుతున్నాం" అని పైలట్ తిరిగి చెప్పి తీరాలి. లేకపోతే వాళ్ళొకటి చెప్పడం, వీళ్ళొకటి వినడం, మధ్యలో కొండో గుట్టో అడ్డురావడం జరుగుతుంది. మిగతా పైలట్లు ఆ అలవాటును టోపీతోపాటు కొక్కేనికి తగిలించి ఇంటికి పోయేవారు. ఈయన మాత్రం వెంట తీసుకెళ్ళేవారు. అందుకే కంపెనీ అంతా ఆయనకు మళ్ళీచెప్పు కెప్టెన్ అని పేరు పెట్టుకుంది.

క్యాంటీన్ పెద్దాయనకు రోజూ ఇదే పరీక్ష.

"ఒక టీ, చక్కెర వద్దు. మళ్ళీ చెప్పు."

"ఒక టీ, చక్కెర వద్దు. ఇరవై ఏళ్ళుగా మీకు ఇదే టీ ఇస్తున్నాను సార్."

"ఇరవై ఏళ్ళుగా ఇదే టీ ఇస్తున్నావు. మోకాలు ఎలా ఉంది?"

"మెట్లెక్కితే కలుక్కుమంటోందండి."

"మెట్లెక్కితే కలుక్కుమంటోంది," అని దాన్ని కూడా అంతే శ్రద్ధగా అప్పజెప్పి, టీ తాగి వెళ్ళిపోయేవారు.

ఆయన భార్యకు ఇదంతా అలవాటైపోయింది. "పెళ్ళికి ముందు మా నాన్న, అమ్మాయిని కష్టపెట్టకుండా చూసుకో బాబూ అన్నారు. కష్టపెట్టకుండా చూసుకుంటాను అన్నారీయన. అక్కడితో ఆగితే బాగుండేది. ఇప్పుడు నేనేమన్నానో మీరు చెప్పండి అని నాన్ననే నిలదీశారు," అని ఆవిడ చెబుతూ నవ్వేది.

ఆయన పక్క సీట్లో ఏడాదిగా కూర్చుంటున్న కో-పైలట్‌కు మాత్రం నవ్వు వచ్చేది కాదు. విమానం దిగాక కూడా, "రేపు ఆరింటికి రా. మళ్ళీ చెప్పు" అంటే ఒళ్ళు మండేది. "నాకేమన్నా చెవుడా సార్?" అని ఒకసారి అడిగేసింది. "నీకేమన్నా చెవుడా అని అడుగుతున్నావు. లేదు," అని ఆయన తాపీగా జవాబిచ్చారు. తన మాటల్ని అలా తిరిగి అంటుంటే వెక్కిరిస్తున్నారనే అనుకునేదామె.

ఆ రోజుల్లో పైలట్లు రెండు ముక్కలై ఉన్నారు. ఒక పక్క కంపెనీ చల్లని చేతులతో పెంచిన సంక్షేమ సంఘం. దానికి రెండో అంతస్తులో ఏసీ గది, మెత్తటి సోఫాలు, గోడకు ఆపరేషన్స్ మేనేజర్ గారి ఫోటో. అధ్యక్షుడు కూడా ఆయనే. ఉద్యోగంలో చేరినవాళ్ళంతా అడగకుండానే అందులో సభ్యులు. ఇంకో పక్క ఆరు నెలల వయసున్న సొంత యూనియన్. దానికి టైర్ల దుకాణం మీద ఒక అద్దెగది, పదకొండు కుర్చీలు, నలభై సంతకాలు. నూటయాభై సంతకాలైతే గానీ కంపెనీ దాన్ని గుర్తించదు. పిల్లి మెడలో గంట కట్టాలని అందరికీ ఉంది, నలభై ఒకటో వాడు మాత్రం దొరకడం లేదు.

కంపెనీలో సగం మంది మళ్ళీచెప్పు కెప్టెన్ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఆయన ఎటు మొగ్గితే వాళ్ళూ అటే. కాబట్టి ముందుగా సంఘం కార్యదర్శి వచ్చాడు.

"మన సంఘంలో గొడవలుండవు సార్. యాజమాన్యమూ మనమూ ఒకే కుటుంబం."

"మేనేజర్ మీద ఫిర్యాదుంటే ఎవరికివ్వాలి?"

"అధ్యక్షుల వారికి."

"అధ్యక్షుడెవరు?"

"మేనేజర్ గారు."

"మొత్తం కలిపి మళ్ళీ చెప్పు."

"మేనేజర్ గారి మీద ఫిర్యాదుంటే..." అని మొదలుపెట్టి కార్యదర్శి నీళ్ళు నమిలాడు.

మర్నాడు యూనియన్ నడిపే పైలట్ వచ్చాడు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం మైకు.

"మేం ఎవరికీ భయపడం సార్."

"ఆ మాట మేనేజర్‌తో అన్నారా?"

"ఉత్తరం రాశాం."

"ఏమన్నారు?"

"అందిందన్నారు."

"మొత్తం కలిపి మళ్ళీ చెప్పు."

"ఎవరికీ భయపడం. ఉత్తరం రాశాం. అందిందన్నారు," అన్నాడతను. మైకు సగానికి తగ్గింది.

ఆయన ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. గోడమీద పిల్లి అని తిట్టుకోవడంలో మాత్రం రెండు వర్గాలకూ చక్కగా ఏకాభిప్రాయం కుదిరింది.

ఇంతలో కో-పైలట్ నెత్తిన పిడుగు పడింది. రెండు రోజుల్లో ఆమె డ్యూటీ పట్టికను మూడుసార్లు మార్చారు. కంటిమీద కునుకు లేదు. మూడో రోజు పొద్దున ఫోన్ చేసి రానని చెప్పేసింది. విమానం మూడు గంటలు ఆలస్యమైంది. విధులు నిరాకరించినందుకు ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. ఒకచోట తీసేసిన పైలట్‌ను ఇంకో కంపెనీ గుమ్మం తొక్కనివ్వదు. పదమూడేళ్ళ వయసు నుంచీ ఆమెకు ఆకాశం తప్ప ఇంకో ఆలోచన లేదు.

విచారణకు తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు, కానీ గుర్తింపు ఉన్న సంఘం నుంచే. "మేం గుమ్మం బయట నిలబడతామమ్మా," అన్నాడు యూనియన్ పైలట్, నిజంగానే బాధగా. కార్యదర్శికి మేనేజర్ పక్క కుర్చీ ముందే ఖాయమైపోయింది. అందుకని అతను బాగా ఆలోచించి, సంఘం తరఫున ఆమెకు తోడుగా మళ్ళీచెప్పు కెప్టెన్ పేరు రాశాడు. ఆయనైతే ఉన్న అరగంటా మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అంటూ గడిపేస్తారని అతని లెక్క. ఆ లెక్క తప్పలేదు.

"ఈ అమ్మాయి డ్యూటీ నిరాకరించింది," అన్నారు మేనేజర్.

"ఆవిడ ఫోన్‌లో ఏమన్నదో మళ్ళీ చెప్పండి," అన్నారు కెప్టెన్.

"అదే చెప్పాను కదా."

"అది మీ మాట. ఆవిడ మాట చెప్పండి. మీరూ పదిహేనేళ్ళు విమానం నడిపినవారే. టవర్ వాళ్ళు దిగమంటే, టవర్ వాళ్ళేదో గొణిగారు అని తిరిగి చెప్పేవారా?"

మేనేజర్ కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి ఫ్యాన్ వైపు చూశాడు. కెప్టెన్ ఆమె వైపు తిరిగి, "నువ్వన్నది అన్నట్టు చెప్పమ్మా," అన్నారు.

ఆమె మేనేజర్ వైపు తిరిగింది. "రెండు రోజులుగా నాకు నిద్ర లేదు. దిగేటప్పుడు కళ్ళు మూతపడతాయేమోనని భయంగా ఉంది. వెనకాల నూట ఎనభై మంది ఉంటారు. నేను రాను."

"ఏదో నిద్ర చాలలేదని..." అన్నారు మేనేజర్.

"తప్పు. మళ్ళీ."

"రెండు రోజులు నిద్ర లేక, భయపడి..."

"నూట ఎనభై మందిని వదిలేశారు. మళ్ళీ."

మూడోసారికి మేనేజర్‌కు విసుగొచ్చి, ఉన్నదున్నట్టు అప్పజెప్పారు. చివరి రెండు మాటలకు వచ్చేసరికి ఆయన గొంతులో విసుగు లేదు.

"ఆ పట్టిక ఎవరు మార్చారయ్యా?" అని మేనేజర్ కార్యదర్శిని అడిగారు.

"మూడుసార్లూ సంతకం తమరిదే సార్."

నోటీసు వెనక్కి తీసుకున్నారు. పాము చావకుండా, కర్ర విరగకుండా, ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని ఆమెకొక సలహా మాత్రం తగిలించారు. కెప్టెన్ దాన్నంతా రెండుసార్లు చెప్పించి, కాగితం మీద రాయించి మరీ లేచారు.

మెట్లు దిగుతుంటే ఆమె అడిగింది. "సార్, ఈ అలవాటు మీకు ఎలా వచ్చింది?"

"ఎలా వచ్చిందని అడుగుతున్నావు," అని ఆయన రెండు మెట్లు ఊరికే దిగారు. "ఇరవై రెండేళ్ళ కింద నేనూ ఫోన్ చేశానమ్మా. అలసిపోయాను అన్నాను. విన్నాం అన్నారు. ఏం విన్నారో నేను అడగలేదు. వెళ్ళి నడిపాను. అందరం క్షేమంగా దిగాం. కానీ దిగినట్టు ఇప్పటికీ నాకు గుర్తులేదు."

ఆమె మెట్టు మీదే ఆగింది. ఏడాదిగా తనన్న ప్రతి మాటనూ ఈ మనిషి వెక్కిరించలేదనీ, నేలపాలు కాకుండా పట్టుకున్నాడనీ అప్పుడు తెలిసింది. ఎంత చిరాకు పడ్డానో అని సిగ్గుపడింది.

ఆయన అక్కడి నుంచి నేరుగా టైర్ల దుకాణం మీది గదికి వెళ్ళి ఫారం అడిగారు. యూనియన్ పైలట్ గబగబా ఒక కుర్చీ తుడిచి వేశాడు. ఫారంలో ప్రతిపాదించినవారు అనే గడి దగ్గర ఆయన కో-పైలట్ పేరు రాశారు.

"సార్, అక్కడ సీనియర్ల పేరు రాయాలి," అన్నాడు యూనియన్ పైలట్ మెల్లగా.

"సీనియర్ల పేరే రాశాను. నేను అలసిపోయాననడం దగ్గరే ఆగిపోయాను. రాననడం ఈవిడకే చేతనైంది."

ఆ తరువాత వచ్చిన వాళ్ళంతా ఆ గడిలో ఆమె పేరే రాయడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి నూటయాభై దాటాయి. నూట అరవై రెండో ఫారం కోసం సంక్షేమ సంఘం కార్యదర్శి వెనక మెట్ల గుండా వచ్చి, ఆమె ముందు నిలబడి, "మీ పేరు నేను కూడా రాసుకోవచ్చా అమ్మా?" అని అడిగాడు.