నాలుగింట మూడు వంతులు

మా ఆయన వెండెల్ క్రౌస్ ముప్ఫై ఏళ్ళుగా ఒహాయోలో ఓ చిన్న కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతున్నారు. ప్రతి అధ్యక్ష ఎన్నికకీ ఒక లెక్క కడతారు. వేసవిలో జనం రాబడి ఎంత పెరిగింది, కుర్చీలో ఉన్నాయన మీద వాళ్ళకి ఎంత మోజుంది, అంతే. సెప్టెంబరు మొదట్లో అంకె ప్రకటిస్తారు. ఆ తర్వాత ఆకాశం విరిగి మీద పడ్డా మార్చరు. ఆ వృత్తివాళ్ళందరికీ అదే పంతం.

ఈసారి మా అభ్యర్థి గెలవడానికి నాలుగింట మూడు వంతుల అవకాశం ఉందన్నారు. ఊరి పత్రిక మాత్రం "గెలుపు మనదే: క్రౌస్" అని అచ్చేసింది. ఆయన నెత్తి కొట్టుకున్నారు.

"నాలుగోవంతు ఓడిపోవచ్చనీ రాశాను కదా! చదవరా వీళ్ళు?"

చదవరు. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన నాకే ఆ లెక్క బుర్రకెక్కలేదు, వాళ్ళకేం ఎక్కుతుంది?

మా ఊరి ఆస్పత్రిలాంటివి మూతపడనివ్వనని మా అభ్యర్థి మాటిచ్చాడు. మా చెల్లెలు వారానికి మూడుసార్లు అక్కడే డయాలిసిస్ చేయించుకుంటుంది. అందుకే పోలింగు రోజు చలివానలో నేను ఇంటింటి తలుపూ తట్టాను. ఎదురింటి మార్జ్ గుమ్మం దాటలేదు.

"ఈ వానలో ఎందుకు అర్లీన్ నీకీ తిప్పలు? మనం గెలుస్తామని మీ ఆయనే చెప్పాడుగా. నా ఒక్క ఓటు లేకపోతే మునిగిపోతుందా?"

ఆ వీధిలో మరో నాలుగిళ్ళలోనూ ఇదే పాట.

ఓడిపోయాం. తెల్లారేసరికి ఊళ్ళో ప్రతివాడూ పండితుడే. టీవీ చర్చలో మా అభ్యర్థికి చెమట పట్టిందని ఒకడు, ఆయన భార్య పెట్టుకున్న టోపీ బాగాలేదని ఇంకొకడు. వెండెల్ కాఫీ కప్పుతో వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ, "టోపీకి ఎన్నిక పోతుందా? బుద్ధుందా?" అని గోడలమీద అరుస్తున్నారు. ఇంతలో రేడియోవాళ్ళ ఫోను.

"ప్రొఫెసర్‌గారూ, ప్రసారంలో ఉన్నారు. మీ అభ్యర్థి ఎందుకు ఓడిపోయారో ఒక్క ముక్కలో చెప్పండి."

"ఒక్క ముక్కలో చెప్పడానికి ఇదేమన్నా..." అంటూ ఆయన అందుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నిన్న నువ్వు ఓటేశావా?" అని అడిగాను.

ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టారు. "రోజంతా టీవీ స్టూడియోలోనే సరిపోయింది. అయినా ఒక్క ఓటుతో ఏం మారుతుంది, అర్లీన్?"

"మార్జ్ కూడా అదే అంది."

అవతల రేడియో మనిషి హలో, హలో అంటున్నాడు. ఆయన గుమ్మం పక్కన ఇంకా ఆరని నా బూట్ల వంక చూశారు. తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు.

"మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు," అన్నారు. "నేను మాత్రం ఓటెయ్యలేదు."